ఇరవై సెంట్ల రేడియేషన్

2023 మే నెల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు మీద ఆ నెలలో ఎండ కాయదు, వచ్చి కూర్చుంటుంది. లేవమన్నా లేవదు. ఆ రోడ్డు మీద, ఆళ్లగడ్డ ఇంకొంచెం దూరం ఉందనగా, శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర జరిగిన సంగతి ఇది. ఇన్నేళ్ల ఉద్యోగంలో చెప్పుకోదగ్గ కేసు ఏదని ఎవరన్నా అడిగితే నాకు ఇదొక్కటే గుర్తొస్తుంది. మిగతాదంతా మీటర్లకు బ్యాటరీలు మార్చడమే.

ముందు నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు. నంద్యాల చుట్టుపక్కలున్న సిమెంట్ ఫ్యాక్టరీల్లో ఒకదానిలో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. ఆ ఉద్యోగానికి ఒక తోక ఉంది: రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, పొట్టిగా ఆర్‌ఎస్‌ఓ. ముంబైలో శిక్షణకు ఎవరో ఒకరు పోవాల్సి వచ్చినప్పుడు, ఆ నెలలో ఇంట్లో పెళ్లీ పేరంటం లేనివాణ్ని నేనొక్కణ్నే కావడంతో తోక నాకు అంటుకుంది. ఆర్‌ఎస్‌ఓ అంటే ‘రోజూ సెప్పినా ఒప్పుకోరు’ అని మా వాళ్లు విడమరిచారు. నాకు శిక్షణలో చెప్పిన అర్థం కన్నా అదే నిజమనిపిస్తుంది.

సిమెంట్ ఫ్యాక్టరీలో రేడియేషన్ ఏంటని అడుగుతారు. నన్ను కలిసిన ప్రతివాళ్లూ అడిగారు. ప్రీహీటర్ అని ఎత్తైన టవర్ ఉంటుంది. దాంట్లో నిప్పులాంటి పొడి గొట్టాల్లోంచి కిందికి జారుతూ ఉంటుంది. గొట్టం మూసుకుపోయిందో లేదో మూత తీసి చూడలేం, చూస్తే మన మూతే మిగలదు. అందుకని గొట్టానికి ఒక పక్క సీసపు కవచంలో చిన్న సీసియం బిళ్ల, ఇంకో పక్క డిటెక్టర్ పెడతాం. బిళ్ల నుంచి వచ్చే గామా కిరణాలు అవతలికి అందుతుంటే గొట్టం ఖాళీగా ఉన్నట్టు, అందకపోతే నిండినట్టు. దీన్నే న్యూక్లియానిక్ గేజ్ అంటాం. కవచానికి షట్టర్ ఉంటుంది. అది మూసి తాళం వేస్తే ఆ కవచం దాదాపు మామూలు పెట్టె లాగే ఉంటుంది.

దాదాపు అన్నాను. కొంచెం బయటికి వస్తుంది. అది ఎంతో కొలవడానికి సర్వే మీటర్. ఇక్కడే కొలతల గొడవ మొదలవుతుంది. పాత మీటర్లు గంటకు ఇన్ని మిల్లీరాంట్‌జన్‌లు అని చూపిస్తాయి. కొత్తవి మైక్రోసీవర్టులు అంటాయి. నిబంధనల్లో రాసేది మిల్లీసీవర్టులు. రాంట్‌జన్ అనేది గాలిలో కిరణాలు చేసే అలజడికి కొలత, సీవర్ట్ అనేది మనిషి ఒంటికి జరిగే చెరుపుకు కొలత. రెండూ ఒకటి కావు గానీ, గామా కిరణాల విషయంలో, పని జరగాల్సిన చోట, ఒక మిల్లీరాంట్‌జన్ అంటే పది మైక్రోసీవర్టులని లెక్క వేసుకుంటే సరిపోతుంది. వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ. అంతే. ఈ ‘అంతే’ను నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో. చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీలో ఒకరైనా నిద్రపోయారు. కొన్నిసార్లు నాకూ వచ్చింది.

మా ఫ్యాక్టరీలో ఒక అలవాటుండేది. మీటర్ చూసి ఉత్త అంకె చెప్పేవాళ్లం. “ఎంత?” “రెండు.” “సరే.” బస్సులో ‘మూడు ఆళ్లగడ్డ’ అంటే మూడు టికెట్లని కండక్టరుకు తెలిసినట్టు, మా దగ్గర రెండంటే రెండు మిల్లీరాంట్‌జన్‌లని అందరికీ తెలుసు. ఉన్నది ఒకటే పాత మీటర్ అయినప్పుడు పుట్టిన అలవాటు. కొత్త మీటర్ వచ్చాక కూడా పోలేదు. పాత మీటర్‌నే ఎక్కువ మంది ఇష్టపడేవాళ్లు, దాంట్లో ముల్లు కదులుతుంటే ఏదో జరుగుతున్నట్టుంటుందని.

ఆ మే నెలలో ఒక పాత గేజ్‌ను అమ్మినవాళ్లకే వెనక్కి పంపాల్సి వచ్చింది. అనుమతులన్నీ తెచ్చుకుని, షట్టర్‌కు తాళం వేసి, ఇనుప పెట్టెలో బిగించి చిన్న లారీలోకి ఎక్కించాం. డ్రైవర్ హుసేనప్ప. శిరివెళ్ల దగ్గర ఊరు. ఫ్యాక్టరీ బండ్లు నడపబట్టి చాలా కాలమైంది. తోడుగా మా టెక్నీషియన్ రామాంజి, ఆయన చేతిలో ఆ పాత ముల్లు మీటర్. పొద్దున్నే బయల్దేరారు. “నిదానంగా పో హుసేనప్పా” అన్నాను. “సార్, ఈ పెట్టె ఎక్కితే నేను కొత్త పెండ్లికూతుర్ని తీస్కపోయినట్టు పోతా” అన్నాడు.

టిఫిన్ చేస్తుండగా రామాంజి ఫోన్ వచ్చింది. గొంతు వేరేగా ఉంది.

“సార్, బండి రోడ్డు దిగిపోయింది. ట్రాక్టర్ అడ్డమొచ్చె. శిల్పాల షెడ్డు కాడ బండలు పేర్చింటే వాటికి తగిలినాం. బండ ఒకటి జారి క్యాబిన్ మీద పడె. హుసేనప్ప కాలు ఇరుక్కుండాది.”

“నీకేమైంది?”

“తల పగిలినట్టుండాది సార్. పెట్టె చూసినా. ఆనించి పెడితే ఇరవై.”

ఇరవై అంటే పెట్టె బాగానే ఉందన్నమాట. పొద్దున ఎక్కించేటప్పుడూ అంతే ఉంది. కవచం చెక్కుచెదరలేదు. ఇక మిగిలింది హుసేనప్ప కాలు. అది నా మీటర్ పని కాదు, ఫైర్ వాళ్లది, డాక్టర్లది. “ఫైర్ వాళ్లొస్తే వాళ్లకూ చెప్పు” అని పెట్టేశాను. మా షిఫ్ట్ ఇన్‌చార్జికి సంగతి చెప్పి, కొత్త మీటర్ తీసుకుని జీపెక్కాను.

దారిలో రామాంజికి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. షిఫ్ట్ ఇన్‌చార్జి ఒకసారి ఫోన్ చేసి “ఫైర్ వాళ్లు వచ్చేసినారంట సార్, వాళ్లే చూస్కుంటాండారు” అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. శిరివెళ్ల మెట్ట దాటేటప్పటికి, హుసేనప్పను ఈపాటికి ఆసుపత్రికి చేర్చేసి ఉంటారు, నేను పోయి పెట్టెకు కాపలా కూర్చోవడమే అనుకుంటున్నాను.

పోయి చూద్దును కదా, రోడ్డుకు అడ్డంగా తాడు. తాడుకు ఇవతల ఫైర్ బండి, పోలీసు జీపు, ఊరి జనం. అవతల చాలా దూరంలో, నల్లబండల మధ్య, ముక్కు నేలకు ఆనించి మా చిన్న లారీ. దాని చుట్టూ ఒక్క మనిషి లేడు. కళ్లు చెక్కని ఆంజనేయస్వామి విగ్రహం మాత్రం పక్కనే నిలబడి ఉంది.

ఫైర్ ఆఫీసర్ పేరు ఓబులేసు. ముందే చెప్తున్నా, ఆయన పిరికివాడూ కాదు, తెలివి తక్కువవాడూ కాదు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

“మీరేనా ఫ్యాక్టరీ సార్?”

“నేనే. మనిషిని తీసినారా?”

“యాడ తీసేది సార్. ఇరవై ఉండాదంట గదా.”

“అవును, ఇరవై ఉంటాది. అయితే?”

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. జేబులోంచి ప్లాస్టిక్ తొడుగున్న కార్డు తీశాడు. శిక్షణలో ఇచ్చిందట. “ఈడ చూడండి. మీ అట్లా పని చేసేటోళ్లకు ఏడాదంతా కలిపి ఇరవై మిల్లీసీవర్టులు. గంటకే ఇరవై అంటే, నా ఫైర్ పిల్లోళ్లను గంటసేపు ఆడ నిలబెడితే ఒక ఏడాదిది అయిపోతాది. అదీ పెట్టె ఇంకా పగలకుండా ఉంటే. నా దగ్గర మీటరు ల్యా. ఎవర్ని నమ్మి పంపమంటారు?”

“ఇరవై మిల్లీసీవర్టులని ఎవరు చెప్పినారు?”

“మీ మనిషే చెప్పినాడు, ఇరవై అని. నెత్తిన రక్తం కారతాంది, ఇరవై ఉంది, పర్వాలేదు అంటాడు. పర్వాలేదని చెప్పేటోడు అట్ల ఉంటాడా? నూటెనిమిది బండిలో ఎక్కిస్తాంటే స్పృహ తప్పె. మీ ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే వాళ్లూ అదే అన్నారు. ఇరవై కరెక్టే అని.”

“మిల్లీసీవర్టులు అన్నారా?”

“ఇరవై అన్నారు” అన్నాడు.

ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. రామాంజితో పాటే ముల్లు మీటర్ కూడా అంబులెన్స్ ఎక్కేసింది. కొలత ఆయనతో వెళ్లిపోయింది, అంకె ఇక్కడ మిగిలిపోయింది. మిగిలిన అంకె ఓబులేసు కార్డు మీదున్న ఇంకో ఇరవైని కలుసుకుంది. రెండు ఇరవైలు ఎదురెదురుగా నిలబడితే చుట్టాలనుకోవడం ఎవరికైనా సహజమే. మా షిఫ్ట్ ఇన్‌చార్జి ఆ చుట్టరికానికి సాక్షి సంతకం కూడా పెట్టేశాడు.

అంతసేపూ హుసేనప్ప బండ కింద ఉన్నాడు. మేం మాట్లాడుకుంటుంటే అక్కడి నుంచి కేక వినబడింది. మాటలు అర్థం కాలేదు, గొంతు మాత్రం ఆయనదే.

తాడుకు ఇవతల, జనానికి కూడా దూరంగా, ఒక వేపచెట్టు నీడలో ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆ షెడ్డు ఆయనదే, వీరాచారి అని శిల్పి. తాడు కట్టాక కూడా ఆగలేక హుసేనప్పకు నీళ్లు తాపించి వచ్చాడట. వచ్చినప్పటి నుంచి ఎవరూ ఆయన దగ్గరికి పోలేదు. కొడుకు కూడా నాలుగు బారల దూరంలోనే నిలబడి “నాయనా, చేతులు యాడా పెట్టొద్దు” అంటున్నాడు.

నేను మీటర్ ఆన్ చేసి ఆయన దగ్గరికి నడిచాను. మీటర్ టిక్కు టిక్కుమంది. జనంలో గుసగుస.

“నాకు అంటుకునిందా సార్?” అన్నాడు వీరాచారి. చేతులు రెండూ ఒంటికి తగలకుండా ముందుకు చాచి పట్టుకుని ఉన్నాడు.

“ఇది అంటుకునేది కాదన్నా. ఎండలో నిలబడొచ్చినోణ్ని ముట్టుకుంటే మనకు ఎండ అంటుకుంటుందా?”

“మరి అది అరుస్తాంది గదా.”

“ఇది ఇంట్లో పెట్టినా అరుస్తాది. నేల్లో, గాల్లో, మీ బండల్లో, అన్నిట్లో ఇంత ఉంటాది. మోత చూసి మోతాదు అనుకోవద్దు.” తెరమీద అంకె చూపించాను. తర్వాత జీపు దగ్గర, పోలీసు టోపీ దగ్గర, ఆయన కొడుకు చేతి దగ్గర పెట్టి చూపించాను. అన్నిచోట్లా అదే. కొడుకు సిగ్గుపడి తండ్రి పక్కన వచ్చి నిలబడ్డాడు. వీరాచారి చేతులు కిందికి దించుకున్నాడు.

ఈ ముచ్చట్లకు టైముందా అని మీరు అనుకోవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆ లారీ మీదున్న నల్లబండను ఎత్తగలిగేది ఫైర్ వాళ్లు కాదు, ఈయనే. షెడ్డులో మూడు కాళ్ల స్టాండూ, చైన్ పుల్లీ కనబడుతున్నాయి. అవి రోజూ ఇంతకన్నా బరువున్న బండలను లేపేవే. ఈయన భయం తీరకుండా ఆ బండ లేవదు.

“ఓబులేసు గారూ, నేను పోయి కొలుస్తా. మీరూ నాతో రండి. నేను ఆగమన్నచోట ఆగండి.”

ఆయన ఒక్క క్షణం తన మనుషుల వైపు చూసి, నా వెంట వచ్చాడు. మీటర్ అంకె చాలా దూరం దాకా కదలనే లేదు. లారీ దగ్గరకొచ్చాక కొంచెం కొంచెం పెరిగింది. పెట్టె ముందుకు జారి క్యాబిన్ వెనక రేకుకు ఆనుకుని ఉంది. తాళం ఉంది, షట్టర్ మూసే ఉంది. పెట్టె మీద పసుపు లేబుల్, దాని అడుగున ఒక చిన్న గడిలో ‘1’ అని అంకె. దాన్ని ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ అంటారు. పెట్టెకు ఒక మీటరు దూరంలో గంటకు ఎన్ని మిల్లీరెమ్‌లు ఉండొచ్చో చెప్పే అంకె అది. రెమ్ అనేది సీవర్ట్‌కు పాత తరం తాత. ఒక మిల్లీరెమ్ అంటే మళ్లీ పది మైక్రోసీవర్టులే. నేను మీటరు దూరంలో నిలబడి చూస్తే తొమ్మిది చిల్లర మైక్రోసీవర్టులు. లేబులూ మీటరూ ఒకే మాట చెప్పాయి. ఇక మీటర్‌ను పెట్టెకు ఆనించాను.

“రెండొందలు” అని నా వెనక గొంతు. నేను ఆగమన్నచోట ఓబులేసు ఆగలేదు. నా భుజం మీంచి తెర చూస్తున్నాడు. “ఇరవై అని చెప్పి రెండొందలు అంటాండారే.”

“రెండొందల మైక్రోసీవర్టులు. అదే పాత మీటర్‌లో ఇరవై మిల్లీరాంట్‌జన్‌లు. రెండూ ఒకటే.”

“సార్, నన్ను మాటల్తో తిప్పొద్దు. ఆడ నా పిల్లోళ్లు ఉండారు.”

తరగతుల్లో చెప్పే మాటలన్నీ నా నోటి దాకా వచ్చి ఎండిపోయాయి. ఈయన దగ్గర పనిచేసే మాట ఒకటి కావాలి. “మీకు నేలుందా?” అన్నాను.

“ఉండాది, ఉయ్యాలవాడ పక్క. ఇప్పుడెందుకు?”

“ఇరవై సెంట్లు అని చెప్పాల్సినోడు ఉత్త ఇరవై అన్నాడు. మీరు ఎకరాలనుకున్నారు.”

ఆయన కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. “ఎకరాకు నూరు సెంట్లు.”

“ఈడ కూడా తేడా సరిగ్గా నూరే. మీరనుకున్న ఇరవైలో నూరో వంతు ఉంది.”

“మరి రెండొందలు?”

“ఆ ఇరవై సెంట్లనే గజాల్లో చెప్తే ఎంతొస్తాది?”

“తొమ్మిదొందల పైన.”

“నేల పెరిగిందా?”

ఓబులేసు పెట్టెను చూశాడు, క్యాబిన్‌ను చూశాడు. “ఆ మనిషి కూర్చున్నకాడ గంటసేపు ఉంటే?” అన్నాడు మెల్లగా.

“ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించుకుంటే తగిలేదాంట్లో సగం.”

ఆయన వెనక్కి తిరిగి, తన మనుషుల్ని రమ్మని చెయ్యెత్తి ఊపాడు. ఆ ఊపులో కోపం ఉంది. ఎవరి మీదో ఆయనకూ తెలిసినట్టు లేదు.

నేను క్యాబిన్ పక్కకు పోయాను. హుసేనప్ప తల సీటుకు ఆనించి ఉన్నాడు. ముఖం బూడిదలా ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు.

“వచ్చినారా సార్. అందరూ నన్ను యిడిసిపెట్టి పోయినారు. ఇరవై అంట గదా. నేను పోయినట్టేనా?”

“ఎవరు చెప్పినారు?”

“పోలీసాయన మైకులో చెప్తాండె, ఇరవై ఉండాది, ఎవరూ రావొద్దని. నాకు ఇనపడదా?”

మనిషి కాలు బండ కింద ఉంటే, చెవిలో ఈ మాట. నొప్పి ఒక పక్క, ఇది ఒక పక్క. ఏది ఎక్కువ బాధించిందో నేను అడగలేదు. “నీకేం కాలేదు, ఆ పెట్టె పొద్దున ఎట్లుండెనో అట్లే ఉంది. ఇది సెంట్లు, వాళ్లు ఎకరాలనుకున్నారు” అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో గానీ “సెంట్లా” అని కళ్లు మూసుకున్నాడు. నేను క్యాబిన్ పక్కన ఒక చెక్కుడు రాయి మీద కూర్చున్నాను. ధైర్యం చూపించడానికి కాదు, కూర్చుంటేనే ఆయన ముఖం ఎదురుగా కనబడుతుందని. కానీ నేను అక్కడ కూర్చోవడం చూసే జనం తాడు దాటారని తర్వాత వీరాచారి చెప్పాడు.

స్టాండ్ వచ్చింది, చైన్ వచ్చింది. వీరాచారి బండ చుట్టూ తిరిగి, ఎక్కడ పట్టేస్తే ఎటు వాలుతుందో చేత్తో తడిమి చూశాడు. “బిరీన కానీయప్పా” అని ఓబులేసు అంటే, “బిరీన చేస్తే రెండో కాలు మీద పడతాది. నిదానంగా లాగండి” అన్నాడు. కొడుకు గొలుసు లాగాడు. బండ వెంట్రుకవాసి లేచింది, ఇంకో వాసి లేచింది. ఫైర్ వాళ్లు కట్టర్‌తో రేకు కోశారు. హుసేనప్పను బయటికి తీసినప్పుడు అరిచాడు. తీశాక అరవలేదు. దానికే నాకు భయమేసింది.

నేను అందరినీ మీటర్‌తో చూశాను, పెట్టెను తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డనూ చూశాను. పెట్టె కారుతుంటే గుడ్డకు తెలుస్తుంది. ఏమీ లేదు. ఉండదని తెలుసు. అయినా చూడాలి, చూసినట్టు నలుగురికీ కనబడాలి కూడా. ఆ సాయంత్రం ఇంకో బండి తెప్పించి పెట్టెను ఫ్యాక్టరీకి చేర్చాం. రామాంజికి తలకు కుట్లు పడ్డాయి. నేను చూడబోతే మొదటి మాటగా “సార్, ఇరవై అని చెప్పినా గదా, తీసేసినారా?” అని అడిగాడు. తీసేశారు అన్నాను. ఆ పూటకు అంతకంటే చెప్పడానికి నాకు ఓపిక లేదు.

హుసేనప్పను కర్నూలుకు పంపారు. మోకాలి కింద కాలు తీసేశారు. అంతసేపు బండ కింద రక్తం ఆడకపోతే కాలు నిలవదని డాక్టర్ చెప్పాడు. ఆయన నోట రేడియేషన్ అన్న మాటే రాలేదు. ఆయనకు ఆ అవసరం పడలేదు.

ఇంకొక మాట చెప్పాలి. నిజంగానే అది ఇరవై మిల్లీసీవర్టులై ఉన్నా, మనిషి ప్రాణం కాపాడేటప్పుడు ఆ ఏడాది హద్దును పక్కన పెట్టమనే నియమాలు చెబుతాయి. మనుషుల్ని మారుస్తూ, సమయం చూసుకుంటూ, కొంతసేపు పని చేయొచ్చు. పుస్తకంలో అలా ఉంది. కానీ మీటర్ లేకుండా, పెట్టె పగిలిందో లేదో తెలియకుండా, నమ్మి వచ్చిన నలుగురు కుర్రాళ్లను పంపాల్సిన చోట నేను నిలబడలేదు, ఓబులేసు నిలబడ్డాడు. అందుకే ఎవరన్నా ఆయన్ని తప్పుపడితే నేను ఊరుకోను. ఆయన అంకెను నమ్మాడు. మేమే దాన్ని కట్టుబట్టలతో పంపించాం.

ఇప్పుడు మా ఫ్యాక్టరీలో ఉత్త అంకె చెప్పడానికి లేదు. ఎంత, దేంట్లో, ఎంత దూరం నుంచి అని మూడూ చెప్పాలి. ‘పెట్టెకు ఆనించి, గంటకు, రెండొందల మైక్రోసీవర్టులు’ అనాలి. విన్నవాళ్లు మూడూ తిరిగి చెప్పాలి. ముల్లు మీటర్‌ను అల్మారాలో పెట్టేశాం. మొదట్లో అందరూ నవ్వారు, పెళ్లి మంత్రాల్లా ఉన్నాయని. ఫైర్ వాళ్లకు నేను అప్పుడప్పుడూ పోయి క్లాసు చెబుతుంటాను. ఓబులేసు ముందు బెంచీలో కూర్చుంటాడు. వెనక ఎవరన్నా కునికితే నేను అనక్కరలేదు, ఆయనే “లేయప్పా, సెంట్లా ఎకరాలా చెప్పు” అంటాడు.

హుసేనప్ప ఇప్పుడు గేటు దగ్గర లారీల కాటా చూస్తాడు. పెట్టుడు కాలు పడింది. ఒకసారి మాటల్లో చెప్పాడు, వాళ్ల ఊర్లో తన కాలు రేడియేషన్‌కు పోయిందని అంటారట. పెళ్లి బంతిలో పక్కన కూర్చోవడానికి కొందరు వెనకాడతారట. నేను మీటర్ తీసుకుని వస్తాను, మీ ఊర్లో నలుగురికీ చెబుతానన్నాను.

“వద్దులే సార్” అన్నాడు. “రేడియేషన్ అంటే ఏదో పెద్ద జబ్బు మాదిరి మర్యాదగా ఉండాది. ఒక మాట చెప్పక కాలు పోయిందంటే ఎవరు నమ్ముతారు?”

అయినా పోయాను, చెప్పాను. కొందరు నమ్మారు. మళ్లీ పోవాలి.

మొన్న కాటా దగ్గర నిలబడి ఉంటే ఒక లారీ డ్రైవర్ కిటికీలోంచి తల పెట్టి, “అన్నా, రాసుకో, నలభై రెండు” అన్నాడు.

“నలభై రెండు ఏంది?” అన్నాడు హుసేనప్ప.

“ఏందంటే ఏం చెప్పేది? లారీ బరువు టన్నుల్లో గాక తులాల్లో చెప్తారా? నీకు తెల్వదా?”

“తెల్సు.”

“తెల్సినప్పుడు మళ్లీ అడిగేదెందుకు?”

“చెప్పప్పా, నోరేం అరిగిపోదు” అన్నాడు హుసేనప్ప, పెట్టుడు కాలు బల్ల కింద సర్దుకుంటూ. “చెప్పకపోతే ఏం పోతాదో నాకు తెల్సు.”

డ్రైవర్ ఆ కాలు చూశాడు. “నలభై రెండు టన్నులు” అన్నాడు.